అద్దం అవతలి గొంతు

తెనాలి గంగానమ్మపేటలో ఎబినేజర్‌ది గ్లాసుల కొట్టు. పటాలకు ఫ్రేములు కడతాడు, కిటికీలకు గ్లాసులు కోస్తాడు, బీరువాలకు అద్దాలు బిగిస్తాడు. ఆ కొట్టు గుమ్మానికి రెండేళ్లుగా ఒక అట్టముక్క వేలాడుతోంది. దాని మీద నీలం స్కెచ్ పెన్నుతో ఆయనే రాసుకున్న మాటలివి: "మొహం చూసుకునే అద్దం గుండ్రంగా కొయ్యబడదు. దయచేసి అడగవద్దు."

అడగవద్దని రాస్తే అడగకుండా ఊరుకునే ఊరా తెనాలి? ఆ అట్ట చదివినవాళ్లు, చదవకముందు అడిగేవాళ్లకంటే రెండు ప్రశ్నలు ఎక్కువే అడుగుతారు. పైగా ఇప్పుడు ఎవరికి చూసినా గుండ్రటి అద్దం పిచ్చి పట్టుకుంది. చేతులు కడుక్కునే సింకు మీదా అదే, హాల్లో సోఫా పైనా అదే. ఫోన్లో ఎవరింట్లోనో చూస్తారు, కొలత రాసుకుని పరిగెత్తుకొస్తారు.

ఆ బుధవారం పొద్దున భవ్య అనే అమ్మాయి వచ్చింది. కొత్తగా బ్యూటీ పార్లర్ పెడుతోందట.

"నాలుగు రౌండ్ అద్దాలు కావాలి అంకుల్."

"అట్ట చూళ్లేదా అమ్మా?"

"చూశానండి. మరి ఆ గడియారానికి గ్లాసు గుండ్రంగా కోశారుగా?"

"అది గ్లాసమ్మా. నువ్వడిగేది అద్దం. విజయవాడ వెళ్లు, మిషన్ మీద కోసిస్తారు."

"మీకు రాదా అంకుల్?"

ముప్ఫై ఎనిమిదేళ్ల నుంచి చక్రం పట్టుకున్న మనిషిని అడగాల్సిన మాటేనా అది! ఎబినేజర్‌కి మాత్రం కోపం రాలేదు. "వచ్చేదమ్మా," అని ఊరుకున్నాడు. ఆ పిల్ల ఆయన్ని వింతగా చూసి స్కూటీ ఎక్కి వెళ్లిపోయింది.

వచ్చేదేంటి, ఇప్పుడు రాకపోవడమేంటి? అది అర్థం కావాలంటే ఆ పని సంగతి కాస్త చెప్పాలి.

తెలియనివాళ్లు గ్లాసు తెగుతుందనుకుంటారు. గ్లాసు తెగదు, పగులుతుంది. ఎక్కడ పగలాలో దానికి చెప్పడమే పనితనమంతా. నిలువు కోతైతే స్కేలు ఉంటుంది, గీసి, అంచు పట్టుకుని విరిస్తే చాలు. గుండ్రమైతే అలా కుదరదు. నడిమధ్యలో రబ్బరు కప్పు అంటించి, దాని ఊచ చివర చిన్న ఉక్కు చక్రం బిగించి, చక్రాన్ని కిరసనాయిలుతో తడిపి, ఒక్క ఊపున చుట్టూ తిప్పాలి. చేతి బరువు ఎక్కడా పెరగకూడదు, తగ్గకూడదు. బయల్దేరిన చోటికే వచ్చి ఆగాలి. సరిగ్గా పడిందో లేదో అని అదే గీత మీద రెండోసారి నడిపితే ఇక ఆ ముక్క మీద ఆశ వదులుకోవడమే.

అంతా చేస్తే పడింది గీత మాత్రమే. తర్వాత గీతకు వెనకవైపు నుంచి చిన్న సుత్తితో టక్కు టక్కుమని తట్టుకుంటూ పోవాలి. తట్టిన చోట గీత లోపల పగులు తెల్లగా మెరుస్తూ ముందుకు పాకుతుంది. అలా చుట్టూ పాకి మొదటి చోట కలిస్తే గుండ్రం తయారైనట్టు. ఆ తర్వాత మూలలు ఊడదియ్యడం పెద్ద పనేం కాదు. మామూలు గ్లాసైతే పగులు పాకడం వెనక నుంచి కూడా కనబడుతుంది. అద్దానికి వెనకాల రంగుపూత ఉంటుంది. గీత ముందుంది, సుత్తి వెనకుంది, మధ్యలో ఆ పూత. పగులు ఎందాకా వచ్చిందో తట్టేవాడికి తెలిసే దారి లేదు. తక్కువ తడితే మధ్యలో ఆగిపోతుంది. ఎక్కువ తడితే గీత దాటి తన ఇష్టమొచ్చిన దారిన పోతుంది.

ఎబినేజర్ పని నేర్చుకుంది రేపల్లెలో, మధుసూదనరావు గారి దగ్గర. ఆయన పద్ధతిలో అద్దాన్ని నిలబెట్టి తట్టాలి. ముందువైపు ఒక మనిషి పీట వేసుకుని కూర్చుని, రెండు చేతులా అంచులు పట్టుకుని, గీత మీదే కళ్లు పెట్టి, పగులు ఎందాకా వచ్చిందో నోటితో చెబుతూ ఉండాలి. వెనకవైపు మనిషి ఆ మాటను బట్టి తట్టాలి. బల్ల మీద అద్దాన్ని బోర్లా పడుకోబెట్టి బొటనవేళ్లతో నొక్కేవాళ్లను చూస్తే మధుసూదనరావు గారికి ఒళ్లు మంట. "అది కొయ్యడం కాదురా, బతిమాలుకోవడం," అనేవారు. ఎబినేజర్ కూడా జన్మలో బతిమాలుకోలేదు.

పెళ్లయిన రెండో నెల నుంచి ఆ ముందువైపు మనిషి దానమ్మ. ఇరవయ్యారేళ్లు. ఇంట్లో, బజార్లో, చర్చిలో, ఎక్కడైనా "ఏవండీ" తప్ప మరోలా పిలవని మనిషి, అద్దం అడ్డం రాగానే మారిపోయేది. "వచ్చింది, వచ్చింది, ఆగు. అక్కడే కొట్టు. ఇంకోటి. వచ్చింది." పగులు మర్యాదల కోసం ఆగదు కదా! ఎబినేజర్‌కి ఆ "ఆగు" అంటే ఎంతో ఇష్టం. పెళ్లాం తనని నువ్వు అనేది ఆ పది నిమిషాలే. చుట్టూ తిరిగొచ్చి పగులు కలవగానే ఆమె గొంతు మళ్లీ మామూలైపోయేది. "అయిపోయింది. రండి, చూడండి." అప్పుడతను ముందుకొచ్చి ఆమె భుజం మీదుగా వంగి చూసేవాడు. గుండ్రటి గీత లోపల రెండు మొహాలు పక్కపక్కన కనబడేవి. ఇరవయ్యారేళ్లలో ఏ ఒక్క అద్దమూ అలా చూడకుండా కొట్టు దాటలేదు.

వాళ్లకి పిల్లల్లేరు. దానమ్మకి జ్వరమని మొదలై గుంటూరు తీసుకెళ్లేసరికి ముదిరిపోయింది. పదకొండో రోజున పోయింది.

ఆ తర్వాత ఎబినేజర్ ఒంటరిగా మూడు అద్దాలు ప్రయత్నించాడు. మొదటి రెండూ అడ్డంగా పోయాయి. మూడోదానికి తెలివి ఉపయోగించాననుకుని ఎదురుగోడకి ఇంకో అద్దం తగిలించి, అందులో ముందువైపు చూస్తూ తట్టాడు. కుడి ఎడమై, ఎడమ కుడై, సుత్తి ఒక చోట పడితే పగులు ఇంకో చోటుంది. అదీ పోయింది. పక్క కొట్టు మనోహర్‌ని పిలవచ్చు, దారిన పోయే ఎవరినైనా కూర్చోబెట్టచ్చు. ఆ పీట మీద ఇంకొకళ్లు కూర్చోవడం అతనికి ఇష్టం లేకపోయింది. అట్టముక్క మీద రాసి గుమ్మానికి కట్టేశాడు.

అప్పట్నుంచి పొద్దున హోటల్ ఇడ్లీ, మధ్యాహ్నం ఇంత అన్నం, పచ్చడి. ఆదివారం చర్చిలో చివరి బెంచీ మీద కూర్చుని, ఆశీర్వాదం పూర్తికాక ముందే చెప్పులేసుకునేవాడు. బయట ఎవరైనా ఆపి "ఎలా ఉన్నావన్నా?" అంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఒక్కోరోజు పొద్దుటి నుంచి రాత్రి దాకా అతను మాట్లాడింది లెక్కేస్తే పాతిక మాటలుండవు. అవి కూడా అంగుళాలు, సూతుల కొలతలే.

ఇందులో ఇంకో చిక్కుంది. దానమ్మకి ఒక చెల్లెలు. పేరు షారోన్. బాపట్లలో టీచరు, పెళ్లి చేసుకోలేదు, ఒక్కతే ఉంటుంది. మొహం అక్కలా ఉండదు. అక్క గుండ్రటి మొహం, ఈమెది కోల మొహం. గొంతు మాత్రం అచ్చుగుద్దినట్టు ఒకటే. దానమ్మ ఉన్న రోజుల్లో ఫోనెత్తి చెల్లెల్ని పెళ్లామనుకుని మాట్లాడేసి, ఇద్దరి చేతా నవ్వించుకున్న సందర్భాలు బోలెడు. దానమ్మ పోయాక జ్ఞాపకార్థ కూడిక అయిన మర్నాడు షారోన్ ఫోన్ చేసి, "అన్నం తిన్నారా?" అంది. ఎబినేజర్‌కి గుండె ఆగినంత పనైంది. జవాబు చెప్పకుండా ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు. ఆ పేరు తెర మీద కనబడితే చాలు, ఫోన్ బోర్లా పెట్టేవాడు. కొన్నాళ్లకు ఆమె ఫోన్ చెయ్యడం మానేసి, పండక్కీ పబ్బానికీ మెసేజ్ పెట్టడం మొదలెట్టింది. అతను చేతులు జోడించిన బొమ్మ పంపి ఊరుకునేవాడు.

ఆ గొంతు వినాలని లేక కాదు, ఎంతో ఉంది. విన్న ప్రతిసారీ దానమ్మ బతికొచ్చి, ఆ మరుక్షణమే మళ్లీ పోతుంది. రోజూ ఒకసారి పోగొట్టుకోవడం తన వల్ల కాదు అనుకున్నాడు.

భవ్య వెళ్లిన బుధవారం మధ్యాహ్నమే ఫోన్లో ఒక ఫోటో వచ్చింది. షారోన్ పంపింది. వాళ్ల నాన్న అబ్రహాము మాస్టారి అద్దం. మిషన్ బంగళా దొరసాని స్వదేశం వెళ్తూ సామాన్లు అమ్మేసినప్పుడు మాస్టారు కొన్న అద్దమది. మూడడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, టేకు చట్రం. అక్కచెల్లెళ్లిద్దరూ దాని ముందే జడలేసుకుని పెరిగారు. ఫోటోలో ఎడమవైపు కింది మూల నుంచి ఒక పగులు వంకరగా పైకి లేచింది. కింద మెసేజ్:

"బావ గారూ, నాకు రేపల్లె ట్రాన్స్‌ఫర్ అయింది. సామాను సర్దుతుంటే నాన్నగారి అద్దానికి దెబ్బ తగిలింది. నిన్న వేలెడు, ఇవాళ జానెడు అయింది. శనివారం లారీ వస్తుంది. పారేసే ముందు మీకు చెప్పాలనిపించింది."

ఎబినేజర్ ఆ ఫోటోని వేళ్లతో పెద్దది చేసి చూశాడు. జానెడు పగులు. పెరిగే పగులు. లారీలో వేస్తే దారిలో కర్లపాలెం దాటకముందే రెండు ముక్కలవుతుంది. పైభాగం ఇంకా శుభ్రంగా ఉంది. ఈలోగా గుండ్రంగా కోసేస్తే ఆ ముక్క మిగులుతుంది. ఆలస్యమైతే ఏమీ మిగలదు. దానమ్మ పదేళ్ల వయసు నుంచి పెళ్లినాటి దాకా మొహం చూసుకున్న గాజు అది. దాన్ని మున్సిపాలిటీ బండిలో పడనిస్తే తను గ్లాసు పనివాడై ఏం ప్రయోజనం?

"పారేయొద్దు. కదపొద్దు. రేపు వస్తున్నా," అని కొట్టి పంపాడు. పంపాక గుర్తొచ్చింది. ముందువైపు మనిషెవరు?

ఎవరో ఒకరు పక్కింటివాళ్లుండరా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున పాసింజరు ఎక్కాడు. ఒళ్లో సంచి, సంచిలో రబ్బరు కప్పు, ఊచ, చక్రం, సుత్తి, శ్రావణం, సీసాలో కిరసనాయిలు. నిడుబ్రోలు దాటాక పక్కనున్న పెద్దాయన "ఎక్కడిదాకా?" అనడిగితే, "మా ఆవిడ వాళ్ల ఊరికి," అన్నాడు. ఆ పెద్దాయన నవ్వి, "అత్తారింటికన్నమాట," అన్నాడు. ఎబినేజర్ అవునన్నట్టు తలూపి, బాపట్ల వచ్చేదాకా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు.

షారోన్ తలుపు తీసి పక్కకు జరిగింది. "రండి," అంది. ఒక్క మాట. ఎబినేజర్ చెప్పులు విప్పుతున్నట్టు చాలాసేపు వంగి ఉండిపోయాడు.

ఇంటినిండా అట్టపెట్టెలు. ఆమె మంచినీళ్లిచ్చి, కాఫీ పెట్టి, ఎదురుగా నిలబడింది. మాట్లాడితే పుణ్యం పోతుందన్నట్టు ఇద్దరూ గ్లాసుల వంకే చూస్తున్నారు. అద్దం గోడకి ఆనించి ఉంది. సూర్యలంక గాలికి పైమూల పూత కాస్త గోధుమరంగు తిరిగింది గానీ, మిగతాదంతా నిండుగా ఉంది.

"పైసగం అక్కది, కిందిసగం నాది," అంది షారోన్ ఉన్నట్టుండి. "చిన్నప్పుడు పంచుకున్నాం. అక్క నిలబడేది, నేను పీట మీద కూర్చునేదాన్ని. పగిలింది నాదేలెండి."

ఆ గొంతున అంత పొడుగు మాట విని రెండేళ్లయింది. ఎబినేజర్ పగులు కొస దగ్గర స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టాడు. చట్రం వెనక మేకులు ఒక్కొక్కటే పీకాడు. అద్దాన్ని చట్రంలోంచి తీసేసరికి పగులు ఆ చుక్క దాటి అరంగుళం వెళ్లింది. ఇక ఆలోచించడానికి టైము లేదు.

"పక్కన ఎవరైనా ఉన్నారా? కాస్త చూసి చెప్పడానికి ఒక మనిషి కావాలి."

"నేను లేనా?" అంది షారోన్.

"వేరేవాళ్లు," అన్నాడు నేల చూస్తూ.

షారోన్ మొహం మాడిపోయింది. వెళ్లి ఇంటావిడ సుబ్బాయమ్మ గారిని పిలుచుకొచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, మాట సాయానికి ఎప్పుడూ ముందుంటుంది.

ఎబినేజర్ డైనింగు టేబులు మీద రగ్గు పరిచి అద్దాన్ని పడుకోబెట్టాడు. పగులుకి దూరంగా, పైసగం వైపు జరిపి, పంతొమ్మిది అంగుళాల గుండ్రం కొలిచాడు. దానికి సరిగ్గా వెనకవైపున పూత మీద సుద్దముక్కతో అంతే గుండ్రం గీసుకున్నాడు. రబ్బరు కప్పు అంటించాడు. చక్రం తడిపాడు. ఊపిరి బిగబట్టి ఒక్క చుట్టు తిప్పాడు. చీర చింపినట్టు సన్నగా, ఎక్కడా తెగకుండా చప్పుడు వచ్చింది. మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగాడు. అద్దం మీద గుండ్రం గీసి రెండేళ్లయినా చెయ్యి మర్చిపోలేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి ఎవరి వంక చూడాలో తెలియలేదు.

అద్దాన్ని రగ్గు మీద నిలబెట్టి, సుబ్బాయమ్మ గారిని పీట మీద కూర్చోబెట్టి, చేతికి పాతగుడ్డలిచ్చి, చెప్పాల్సింది చెప్పాడు. వెనక్కి వెళ్లి తట్టాడు.

"వచ్చిందాండి?"

"ఏంటి నాయనా రావాల్సింది?"

"పగులండి. గీతలో తెల్లగా."

"వచ్చినట్టే ఉంది. ఉండు, కళ్లజోడు సర్దుకోనీ. ఆఁ, రానట్టే ఉంది. ఇదుగో, ఇక్కడ ఏదో మెరిసింది. కాదులే, నా గాజులు."

ఇంకో రెండు దెబ్బలు తట్టాడు. సుబ్బాయమ్మ గారు అద్దంలో తన మొహం చూసుకుంటూ, "ఎంత నలుపెక్కిపోయానో," అని నిట్టూర్చింది. గీసిన గీతని వెంటనే తట్టాలి. ఆలస్యమైతే గీత చల్లారిపోతుందని మధుసూదనరావు గారు అనేవారు. అది నిజం. ఒకసారి చల్లారాక ఎంత తట్టినా పగులు ఆ దారిన రాదు. సుబ్బాయమ్మ గారిని లేపి, అద్దం అంచు తనే పట్టుకుని నిలబడ్డాడు.

"షారోన్," అన్నాడు. రెండేళ్లలో ఆ పేరు పలకడం అదే మొదలు.

షారోన్ గుమ్మం దగ్గరే ఉంది. "వేరేవాళ్లు కావాలన్నారుగా," అంది. ఆపుకుందామనుకున్నది ఆగలేదు. "అక్క పోయిన రోజున ముందే గుంటూరు తీసుకెళ్లాల్సిందని నోరు జారాను. ఏడుపులో అన్న మాట. దానికి రెండేళ్లు నా ఫోనెత్తలేదు. ఇవాళ మా ఇంటికొచ్చి కూడా నేను పనికిరాలేదు. అంత తప్పా బావా అది?"

ఎబినేజర్ తెల్లబోయాడు. ఆమె ఆ మాట అందని కూడా అతనికి గుర్తులేదు. "అయ్యో, నువ్వన్నది నా చెవిన పడనే లేదమ్మా! దాని గురించి కాదు."

"మరి?"

"నీ గొంతు," అన్నాడు. "నీది మీ అక్క గొంతే తల్లీ. ఫోన్లో నువ్వు తిన్నారా అంటే అది అన్నట్టే ఉంటుంది. విని తట్టుకోలేక ఎత్తలేదు. నీ మీద కోపంతో కాదు. నువ్వూ ఒక్కదానివే ఉన్నావని ఆలోచించాల్సింది. ఆలోచించలేదు."

షారోన్ కొంగుతో మొహం తుడుచుకుంది. సుబ్బాయమ్మ గారు కూడా తుడుచుకుంది, ఎందుకో సరిగ్గా తెలియకపోయినా. తర్వాత షారోన్ వచ్చి పీట మీద కూర్చుని, గుడ్డలు చేత్తో పట్టుకుని అద్దం అంచులు అందుకుంది.

"ఏం చెప్పాలి?"

"పగులు కదిలితే వచ్చింది అను. ఆగమంటే ఆగు అను. అండీలూ బావలూ పెట్టకు, అంత టైముండదు."

వెనక్కి వెళ్లాడు. సుద్దగీత మీద సుత్తి ఆనించి, కళ్లు మూసుకుని తట్టాడు.

"వచ్చింది," అంది గొంతు.

దానమ్మే. అద్దానికి అవతల పీట మీద దానమ్మ కూర్చునుంది. గంగానమ్మపేట కొట్లో, మధ్యాహ్నం మూడింటికి, ఒళ్లో పాతగుడ్డలతో.

"వచ్చింది. వచ్చింది. ఆగు. అక్కడే, ఇంకోటి. వచ్చింది."

ఎబినేజర్‌కి ఒళ్లు తెలియలేదు. చెయ్యి దానంతటదే నడుస్తోంది. సుద్దగీత వెంట కుడివైపు పైకి, పైనుంచి ఎడమకి, ఎడమ నుంచి కిందికి. కింద పాత పగులుకి నాలుగు వేళ్ల దూరంలో గుండ్రం గీత వెళ్తుంది. అక్కడ సుత్తి కొసతో, గోరుతో తట్టినంత మెల్లగా తట్టాడు. "ఆగు," అంది. ఆగాడు. "కొట్టు," అంది. కొట్టాడు. ఎంత హాయిగా ఉందో అతనికి! ఈ గుండ్రం ఇలాగే తిరుగుతూ ఉంటే బాగుండునని, మొదలుపెట్టిన చోటు ఎప్పటికీ రాకూడదని అనిపించింది. పనివాడికి రాకూడని ఆలోచన అది.

"వచ్చింది," అంది గొంతు. ఆ తర్వాత ఏమీ వినబడలేదు.

ఎబినేజర్ సుత్తి ఎత్తిపట్టుకుని నిలబడ్డాడు. ఇంకో మాట ఉంది. అది రాలేదు. రాలేదంటే పని పూర్తి కాలేదన్నట్టు. ఇరవయ్యారేళ్ల అలవాటు ప్రకారం చెయ్యి ఇంకో దెబ్బకి సిద్ధమైంది. సుత్తి గాజుని తాకడానికి వెంట్రుకవాసిలో ఉంది.

"ఆగు ఆగు! కలిసిపోయింది బావా," అంది షారోన్. "ఎప్పుడో కలిసింది. ఇంకా దేనికోసం చూస్తున్నారు?"

అప్పుడు కళ్లు తెరిచాడు. ఎదురుగా రంగుపూత, సుద్దగీత. ఆ దెబ్బ పడుంటే అద్దం దక్కేది కాదు. రండి, చూడండి అని ఈ అమ్మాయి ఎందుకంటుంది? ఆ మాట ఒకటుందని తనూ దానమ్మా తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలిసినవాడు తనొక్కడే.

ఎవరూ పిలవకుండానే ముందుకి నడిచి వచ్చాడు. గీత లోపల కోల మొహం ఒకటి, ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో ఉంది. పైన తన మొహం. పగులు చుట్టూ తిరిగి కొసకు కొస కలిసింది. ఒక్క పెచ్చు లేవలేదు.

"బాగా వచ్చింది," అన్నాడు.

తర్వాత గుండ్రం నుంచి అంచుల దాకా నాలుగు నిలువుకోతలు గీసి, శ్రావణంతో చుట్టూ ముక్కలు ఊడదీశాడు. షారోన్ సగం తాలూకు పగిలిన ముక్కలు పేపర్లో చుట్టాడు. అంచులు పదునుగా ఉన్నాయి, కొట్టుకి తీసుకెళ్లి రాయి పట్టాలి, వెనకాల చెక్క బిగించాలి. "ఆదివారం రేపల్లె తెస్తాను, నీ ఎత్తుకి నేనే తగిలిస్తాను," అన్నాడు. షారోన్ సరేనంది. అన్నం పెట్టింది. ఈసారి ఇద్దరూ మాట్లాడుకుంటూ తిన్నారు. దానమ్మ పదో క్లాసులో లెక్కల పరీక్ష ఎగ్గొట్టిన సంగతి షారోన్ చెబితే అతను నవ్వాడు కూడా. పెళ్లయిన ఇరవయ్యారేళ్లలో ఆ సంగతి దానమ్మ ఒక్కసారీ చెప్పలేదు.

తిరుగు పాసింజర్లో అద్దాన్ని దుప్పట్లో చుట్టి తెనాలి దాకా ఒళ్లోనే పెట్టుకున్నాడు.

పొద్దుగుంకే వేళకి కొట్లో ఉన్నాడు. నీళ్లు చిలకరిస్తూ అంచులకి రాయి పడుతున్నాడు. ఫోన్ మోగింది. తెర మీద షారోన్ పేరు. అలవాటుగా బోర్లా పెట్టబోయి ఆగి, తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని ఎత్తాడు.

"చేరారా బావా? అన్నం తిన్నారా?"

రెండేళ్ల కిందటి మాటే. ఎబినేజర్ గుండె దిటవు చేసుకుని, ఆ దెబ్బ కోసం కాచుకున్నాడు. ఏమీ తగల్లేదు. సుద్దపొడికి కాస్త గీరుకుపోయిన గొంతు. పిల్లలకి పాఠం చెప్పీ చెప్పీ ప్రతి మాటా విడివిడిగా పలికే గొంతు. షారోన్ గొంతు. అందులో దానమ్మ కోసం వెతికాడు. ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుని వెతికాడు. లేదు. పొద్దుటి దాకా ఉంది. ఇన్నాళ్లూ వినకుండా దాచుకున్నదంతా ఆ ఒక్క గుండ్రానికే ఖర్చయిపోయింది.

"బావా, వినబడుతోందా?"

"వినబడుతోందమ్మా. చేరాను. తింటాను. నువ్వు తిన్నావా?"

"ఇప్పుడు తింటానండి. రేపు మళ్లీ చేస్తాను. ఎత్తుతారుగా?"

"ఎత్తుతాను తల్లీ."

ఫోన్ పెట్టేసి మళ్లీ రాయి అందుకున్నాడు. చివరి అంగుళం కూడా రుద్ది, గుడ్డతో తడి తుడిచి, అద్దాన్ని బల్ల మీద నిలబెట్టాడు. పీట ఖాళీగా ఉంది. ఎవరూ పిలవరని తెలిసి కూడా, పిలుస్తారేమోనని కాసేపు వెనకవైపే నిలబడ్డాడు. తర్వాత తనే ముందుకొచ్చి, అక్కడ ఒక భుజం ఉన్నట్టే కాస్త పక్కకి వంగి చూశాడు. గుండ్రంలో సగం చోటు ఖాళీగా వదిలి, ఒక మొహం ఏడుస్తోంది.